ఓదార్చవచ్చినవారి నేరం: యోబు గ్రంథంలో బాధ, దైవన్యాయం

బైబిలులోని యోబు గ్రంథాన్ని గురించి మనలో ఒక మాట చాలాకాలంగా చెలామణీలో ఉన్నది. ఖుర్ఆన్ వర్ణించిన అయ్యూబ్ (అ) సహనమూర్తి అనీ, బైబిలులోని యోబు మాత్రం తన పుట్టుకనే శపించుకొని దేవునితో వాదానికి దిగిన అసహనపరుడనీ ఆ మాట సారాంశం. ప్రసంగాలలోను, చిన్న పుస్తకాలలోను ఈ పోలిక తెచ్చేవారు దీనివల్ల ఖుర్ఆన్ ఔన్నత్యం వెల్లడవుతుందని నమ్ముతారు. వారి ఉద్దేశాన్ని శంకించవలసిన పని లేదు. అయితే ఒక గ్రంథాన్ని తుదివరకు చదవకుండా దానిపై తీర్పు చెప్పడం విమర్శ అనిపించుకోదు. యోబు గ్రంథాన్ని ఆమూలాగ్రంగా చదివినవారికి తెలిసే సంగతి ఏమంటే, అందులో దైవాగ్రహానికి గురి అయినది వాదించిన యోబు కాదు. దేవుని పక్షం వహించి యోబును మందలించిన మిత్రులు. ఈ తీర్పులోని ఆంతర్యమేమిటి, ఖుర్ఆన్ బోధతో దానికి ఉన్న పొత్తు ఏమిటి, భేదం ఏమిటి అన్నవే ఈ వ్యాసంలో పరిశీలింపదలచిన విషయాలు.

గ్రంథ స్వరూపం

యోబు గ్రంథంలో 42 అధ్యాయాలున్నాయి. మొదటి రెండు అధ్యాయాలు, చివరి అధ్యాయంలోని అధికభాగం వచనం; మధ్యనున్నది దాదాపు అంతా పద్యం. ఊజు దేశంలో యోబు అనే ధర్మపరుడు ఉన్నాడు. ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. 7,000 గొర్రెలు, 3,000 ఒంటెలు, 500 జతల ఎద్దులు, 500 ఆడగాడిదలు ఆయన సంపద. దైవసన్నిధిలో సాతాను ఒక ప్రశ్న లేవదీస్తాడు: యోబు భక్తి నిష్కామమైనదేనా, లేక పొందిన మేళ్ళకు బదులు తీర్చడమేనా అని. హీబ్రూ మూలంలో ఇక్కడ సాతాను అన్న పదానికి ముందు నిశ్చయార్థకమైన ఉపపదం ఉన్నది. అనగా అది వ్యక్తి పేరు కాదు, అభియోగం మోపేవాని హోదా. పరీక్షకు అనుమతి లభిస్తుంది. ఒకే దినాన ఆస్తి అంతా పోతుంది. ఇల్లు కూలి పదిమంది బిడ్డలూ మరణిస్తారు. ఆ తరువాత యోబు శరీరమంతా కురుపులతో నిండిపోతుంది.

సన్నిధిలో జరిగిన సంభాషణ పాఠకునికి తెలుసు. యోబుకు తెలియదు, మిత్రులకూ తెలియదు. గ్రంథం ముగిసేవరకు ఎవరూ ఆయనకు చెప్పరు కూడా. కనుక మిత్రులు నోరు విప్పిన ప్రతిసారీ, వారెంత పాండిత్యంతో మాట్లాడినా, పొరబడుతున్నారని పాఠకుడు ఎరుగును. నిర్దోషి అని ముందే తెలిసిన మనిషిపై నేరం ఎట్లా మోపబడుతుందో మన కళ్ళ ఎదుట చూపడమే గ్రంథకర్త చేసిన పని. గ్రంథమంతా ఈ అమరికపైనే నిలిచి ఉన్నది.

మిత్రుల వాదం

ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు మిత్రులు దూరప్రాంతాల నుండి పరామర్శకు వస్తారు. వచ్చి, యోబును గుర్తు పట్టలేక బిగ్గరగా ఏడ్చి, ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాటైనా పలుకక ఆయన ప్రక్కన నేలపై కూర్చుంటారు. ఆయన బాధ ఎంత గొప్పదో వారు చూశారు కనుక మౌనం వహించారని గ్రంథం చెబుతున్నది. వారు చేసిన పనులన్నింటిలోను మేలైనది ఇదే. మూడవ అధ్యాయంలో యోబు తాను పుట్టిన దినాన్ని శపించుకోగానే ఆ మౌనం తెగిపోతుంది; పరామర్శ కాస్తా విచారణగా మారుతుంది.

ఎలీఫజు మొదట మృదువుగానే మొదలుపెడతాడు. నిర్దోషి ఎన్నడైనా నశించాడా, ఆలోచించి చూడమంటాడు. బిల్దదు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, యోబు బిడ్డలు తమ పాపానికి తగిన ఫలం పొంది ఉంటారంటాడు. పదిమంది బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రితో అన్న మాట ఇది! జోఫరు లెక్కలో యోబుకు పడవలసిన శిక్షకన్న తక్కువే పడింది. చివరికి 22వ అధ్యాయం నాటికి మృదుభాషి అయిన ఎలీఫజే నేరాల పట్టిక చదువుతాడు: పేదవాని బట్టలు తాకట్టు పట్టావనీ, దప్పిగొన్నవానికి నీళ్ళీయలేదనీ, విధవలను వట్టిచేతులతో పంపావనీ అభియోగాలు. వీటిలో దేనికీ సాక్ష్యం లేదు. ఆయన కన్నది లేదు, ఎవరూ చెప్పినది లేదు. మరి ఇవి ఎక్కడి నుండి వచ్చాయి? సిద్ధాంతం నుండి వచ్చాయి. దైవం న్యాయవంతుడు, బాధ శిక్ష, యోబు బాధపడుతున్నాడు, కాబట్టి యోబు నేరం చేసి ఉండాలి. తర్కం పూర్తయింది కనుక, కావలసిన నేరాలను కల్పించడమొక్కటే మిగిలింది. ఒక మనిషి బాధను చూసి అతని చరిత్రను ఊహించడం ఎంత ప్రమాదకరమో ఇంత స్పష్టంగా చూపిన గ్రంథాలు అరుదు.

మిత్రులు చెప్పిన మాటలన్నీ విడివిడిగా చూస్తే అబద్ధాలు కావు. దేవుడు న్యాయవంతుడనడం అబద్ధమా? దుష్టుని వైభవం నిలువదనడం అబద్ధమా? ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలోను, సామెతల గ్రంథంలోను ఇటువంటి బోధే ఉన్నది. నిజమైన మాటను చెప్పరాని చోట, చెప్పరాని మనిషితో చెప్పడమే వారి దోషం.

యోబు ఫిర్యాదు

యోబు మాటలు తీవ్రమైనవి. వాటిని మెత్తబరచి చెప్పడం కూడా విమర్శకు తగదు. దేవుడు తనను గురిపెట్టి బాణాలు వేస్తున్నాడంటాడు. దేవునికీ తనకూ నడుమ చేయి వేసి తీర్పు చెప్పగల మధ్యవర్తి లేడని వాపోతాడు. దైవప్రవక్తలను గురించి మనకున్న విశ్వాసం దృష్ట్యా ఇటువంటి మాటలను ఒక ప్రవక్త నోట మనం అంగీకరించలేము. ఈ భేదాన్ని దాచవలసిన అవసరం లేదు.

కాని ఈ మాటలు ఎవరిని ఉద్దేశించినవో చూడవలసి ఉన్నది. యోబు మిత్రులకు బదులు చెబుతూ చెబుతూ మధ్యలో దేవునివైపు తిరిగి, ఆయనతోనే నేరుగా మాట్లాడతాడు. 7, 10, 13, 14 అధ్యాయాలలో ఇది విస్పష్టం. మిత్రులు దేవుని గురించి ఎన్నో అధ్యాయాలు ప్రసంగిస్తారు. ఒక్కసారైనా దేవునితో మాట్లాడరు. తమ మిత్రుని కోసం ఒక్క ప్రార్థన చేయరు. దైవాన్ని సమర్థించేవారికి దైవంతో సంభాషణ లేదు. ఫిర్యాదు చేసేవానికి ఉన్నది. గ్రంథంలోని తీర్పుకు తాళంచెవి ఇదేనని నా అభిప్రాయం.

సుడిగాలి నుండి దేవుడు పలికినప్పుడు (38 నుండి 41వ అధ్యాయం వరకు) యోబు అడిగిన ప్రశ్నకు జవాబు దొరకదు. దానికి బదులు సృష్టి ప్రదర్శితమవుతుంది: సముద్రానికి హద్దులు, మనుష్యులు లేని ఎడారిలో కురిసే వర్షం, అడవిగాడిద, నిప్పుకోడి, తెలుగు బైబిలు నీటిగుఱ్ఱమనీ మకరమనీ పిలిచిన రెండు మహాజంతువులు. మనిషి మేలుకీళ్ళ లెక్క ఒక్కటే ఈ సృష్టికి కొలబద్ద కాదన్నది దీని భావం. ఇది సమాధానమా, లేక సమాధానం దాటవేయడమా అన్న చర్చ నేటికీ తెగలేదు. 42వ అధ్యాయం ఆరవ వచనంలో యోబు పశ్చాత్తాపపడ్డాడా, లేక ఊరట చెందాడా అన్నది కూడా హీబ్రూ క్రియాపదానికి రెండర్థాలూ ఉండడంవల్ల నిశ్చయంగా తేలలేదు. సందేహానికి తావులేనిది ఆ మరుసటి వచనం. తన సేవకుడైన యోబు పలికినట్లు మిత్రులు తనను గురించి యుక్తంగా పలుకలేదని దేవుడు ఎలీఫజుపై ఆగ్రహిస్తాడు. యోబు ప్రార్థిస్తేనే వారికి క్షమాపణ అని విధిస్తాడు. నేరస్థుడని తాము తేల్చిన మనిషి దుఆ మీదనే వారి విముక్తి ఆధారపడవలసి వచ్చింది.

అరబీ భాషలో యోబు

ఈ గ్రంథానికీ ఇస్లామీయ చింతనకూ ఉన్న సంబంధం మనలో చాలామంది ఊహించేదానికన్న దగ్గరిది. 882లో ఈజిప్టులో పుట్టి, ఇరాఖ్‌లోని యూదు విద్యాపీఠానికి అధిపతి అయిన సాదియా, యోబు గ్రంథాన్ని అరబీలోకి అనువదించి వ్యాఖ్యానం వ్రాశాడు. యోబు బాధ శిక్ష కాదు, పరీక్ష. దానికి దైవం తగిన పరిహారం ఇస్తాడు. పరీక్ష అని ముందే చెబితే అది పరీక్ష కాకపోయేది కనుకనే చెప్పలేదు, అని ఆయన వాదం. ఇందులో ముఅతజిలా పండితుల ఛాయ స్పష్టం. నిరపరాధులైన పసిబిడ్డలకు, చివరికి పశువులకు సైతం, అనుభవించిన బాధకు బదులుగా పరిహారం దైవన్యాయాన్నిబట్టి తప్పనిసరి అని ముఅతజిలా సిద్ధాంతం. హిజ్రీ 415లో (1025) మరణించిన ఖాజీ అబ్దుల్ జబ్బార్ దీనిని విస్తారంగా చర్చించారు.

1204లో మరణించిన మూసా బిన్ మైమూన్ తన దలాలతుల్ హాయిరీన్‌లో మరింత విచిత్రమైన పని చేశాడు. ఈ గ్రంథంలోని పాత్రలకు తన కాలపు మతవాదాలను పంచిపెట్టాడు. ఎలీఫజుది యూదు ధర్మశాస్త్ర పక్షం, బిల్దదుది ముఅతజిలా పక్షం, జోఫరుది అషాఇరా పక్షం, బాధలో ఉన్న యోబుది అరిస్టాటిల్ పక్షం అన్నాడు. యోబును గ్రంథం నీతిమంతుడన్నదే గాని జ్ఞాని అనలేదని కూడా ఆయన గుర్తించాడు. ఈ పంపకం చారిత్రకంగా కుదరదు; జోఫరు వాదంలో అషాఇరా సిద్ధాంత సూక్ష్మత లేదు. కాని కైరోలో కూర్చొని అరబీలో వ్రాస్తున్న యూదు పండితునికి, ఊజు దేశపు బూడిదకుప్ప మీది సంభాషణ మన కలామ్ పండితుల సభవలె వినిపించిందన్నది గమనార్హం.

ఆ కలామ్ సభలోనిదే, సంప్రదాయంగా చెప్పుకొనే ముగ్గురు సోదరుల ప్రశ్న. ఒకడు విశ్వాసిగా, ఒకడు అవిశ్వాసిగా, ఒకడు పసివాడుగా మరణిస్తారు. తననూ బ్రతకనిచ్చి ఉంటే పుణ్యం సంపాదించి ఉండేవాడినని పసివాడు అడిగితే, పెద్దయితే పాపివి అవుతావని తెలిసి తీసుకొన్నానని దైవం జవాబిస్తాడట. అయితే నన్నూ పసితనంలోనే ఎందుకు తీసుకోలేదని నరకంలోని సోదరుడు అడిగితే ఏమిటి జవాబు? ఇమామ్ అషఅరీ ఈ ప్రశ్నతో తన గురువు జుబ్బాయీని నిరుత్తరుణ్ణి చేశారని కథ. కథ జరిగినా జరుగకపోయినా, అది చెప్పే పాఠం యోబు మిత్రులకు అందని పాఠమే: ఏ ఒక్కరి బాధకూ కారణం ఇదీ అని మన లెక్కలతో తేల్చి చెప్పలేము.

ఖుర్ఆన్‌లో అయ్యూబ్ (అ)

ఖుర్ఆన్ అయ్యూబ్‌ను నాలుగుచోట్ల పేర్కొన్నది. అన్నిసా (4:163), అల్అన్ఆమ్ (6:84) సూరాలలో ప్రవక్తల వరుసలో పేరు మాత్రమే ఉన్నది. అల్అంబియా (21:83-84), సాద్ (38:41-44) సూరాలలో వృత్తాంతం ఉన్నది. రెండూ కలిపి ఆరు ఆయతులు. పందెం లేదు, మిత్రులు లేరు, వాదం లేదు. ఉన్నది ఒక మొర. తనకు కష్టం కలిగిందనీ, తన ప్రభువు కరుణించేవారందరిలోను మిన్నగా కరుణించేవాడనీ మొదటిచోట. షైతాను తనకు యాతన కలిగించాడని రెండవచోట. ఫలానాది ఇమ్మని అడుగుట కూడా లేదు. జవాబుగా ఆజ్ఞ వస్తుంది: కాలితో నేలను తన్నమని. స్నానానికీ దాహానికీ చల్లని నీరు వెలువడుతుంది. చివర అల్లాహ్ ఆయనను సహనశీలుడనీ, ఉత్తమ దాసుడనీ, తనవైపు పదే పదే మరలేవాడనీ మెచ్చుకొంటాడు.

ఇక్కడ మన ప్రసంగీకులు గుర్తించని విషయం ఒకటున్నది. ఖుర్ఆన్‌లోని అయ్యూబ్ మౌనంగా లేరు. తన కష్టాన్ని నోరు తెరచి చెప్పారు. అట్లా చెప్పిన తరువాత కూడా అల్లాహ్ ఆయనను సహనశీలుడనే పిలిచాడు. కనుక దైవానికి చెప్పుకొనడం సహనానికి విరుద్ధం కాదని వ్యాఖ్యాతలు వ్రాశారు. యఅఖూబ్ (అ) కూడా తన దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకొంటున్నానని కుమారులతో అన్నారు (12:86). సబ్ర్ అంటే పళ్ళ బిగువున నోరు మూసుకొనుట కాదు. మొర ఎవరికి చేరవలెనో వారికే చేర్చుట. యోబు మాటల తీవ్రతను మనం అంగీకరించలేకపోవచ్చు. కాని ఆయన మొర వెళ్ళిన దిక్కు మాత్రం ఇదే.

ఖుర్ఆన్ విడిచిపెట్టిన ఖాళీలను మన కథకులు ఇస్రాయీలీ గాథలతో నింపారు. దేహాన్ని తొలిచే పురుగుల కథలు ఇటువంటివే. హిజ్రీ 543లో (1148) మరణించిన ఖాజీ అబూబక్ర్ ఇబ్నుల్ అరబీ ఈ విషయంలో కఠినంగా తీర్పు చెప్పారు: అయ్యూబ్ సంగతిలో అల్లాహ్ రెండుచోట్ల తెలిపినది, దైవప్రవక్త (స) చెప్పిన బంగారు మిడుతల హదీసు తప్ప మరేదీ రుజువు కాలేదని. ఆ హదీసు బుఖారీలో ఉన్నది. స్నానం చేస్తున్న అయ్యూబ్‌పై బంగారు మిడుతలు రాలడం, ఆయన వాటిని బట్టలో ఏరుకొనడం, నిన్ను సంపన్నుణ్ణి చేయలేదా అని ప్రభువు అడగడం, చేశావు గాని నీ శుభానుగ్రహం అక్కరలేని స్థితి నాకు లేదని ఆయన బదులీయడం అందులోని సంగతి. పురుగుల కథ మనకు బాగా గుర్తున్నది. ఈ నవ్వుముఖం గుర్తులేదు.

చనిపోయిన బిడ్డలు

రెండు గ్రంథాలకు మధ్య అసలైన భేదం ముగింపులో ఉన్నది. యోబుకు ఆస్తి రెట్టింపుగా తిరిగి వస్తుంది: 14,000 గొర్రెలు, 6,000 ఒంటెలు, 1,000 జతల ఎద్దులు, 1,000 ఆడగాడిదలు. బిడ్డలు మాత్రం మళ్ళీ ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలే. పోయినవారి మాట లేదు. మరణించిన మనిషి మళ్ళీ బ్రతుకుతాడా అని 14వ అధ్యాయంలో యోబు అడిగిన ప్రశ్నకు ఈ గ్రంథంలో స్థిరమైన జవాబు లేదు. పరలోక విశ్వాసం స్పష్టంగా లేనందువల్ల లెక్క అంతా ఈ లోకంలోనే మూయవలసి వచ్చింది. గొర్రెలకు గొర్రెలు చెల్లుతాయి. బిడ్డలకు బిడ్డలు చెల్లుతారా?

ఖుర్ఆన్ అయ్యూబ్‌కు ఆయన కుటుంబాన్ని, దానితోపాటు అంతే సంఖ్యలో మరికొందరిని ప్రసాదించినట్లు తెలిపింది. పోయినవారే తిరిగి లభించారని కొందరు, ఇహంలో క్రొత్త సంతానం, పరంలో తొలి సంతానం అని మరికొందరు వ్యాఖ్యాతలు వివరించారు. ఏది స్వీకరించినా, పోయినవారు లెక్కలోనుండి జారిపోలేదు. అంతేకాదు, దానిని ప్రతిఫలమనక కారుణ్యమని పేర్కొన్నది. ఆఖిరత్ ఉన్నది కనుక మనకు ఈ లోకంలో లెక్క బలవంతంగా మూయవలసిన అగత్యం లేదు. ఎవరి బాధకు కారణమేమిటో తేల్చవలసిన అగత్యమూ లేదు. మన విశ్వాసం ఇచ్చిన ఈ తెరిపిని మనం వాడుకొంటున్నామా అన్నదే ప్రశ్న.

మన పరామర్శలు

ఈ వ్యాసం వ్రాయడానికి ఒక కారణమున్నది. కొంతకాలం క్రితం, జ్వరంతో ఆరేళ్ళ బిడ్డను పోగొట్టుకొన్న ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళాను. నాకు ముందే అక్కడ కూర్చొని ఉన్న ఒక పెద్దమనిషి, చేతులు చేసుకొన్నదే మనిషికి ఆపదగా వస్తుందన్న భావంగల ఆయతును (42:30) వినిపించి, తౌబా చేసుకోమని ఆ తండ్రికి హితవు చెప్పారు. ఆయన చెడ్డవారు కారు. చదివిన ఆయతూ సత్యమే. ఆ తండ్రి తల వంచుకొని విన్నాడు. నేనూ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక యోబు గ్రంథంలోని బిల్దదు గుర్తుకు వచ్చాడు.

ఆ ఆయతు మాటేమిటి? మొదటిది, అల్లాహ్ ఎన్నింటినో మన్నించివేస్తాడన్నది ఆ వాక్యంలోనే చివరి భాగం; దానిని వదిలి చదవడం సగం చదవడమే. రెండవది, ఆ ఆయతు అపరాధులకు మాత్రమే వర్తిస్తుందనీ, ఇతరుల ఆపదలకు వేరే కారణాలు ఉంటాయనీ, సహనం ద్వారా గొప్ప పుణ్యం లభించడం వాటిలో ఒకటనీ బైజావీ తన తఫ్సీరులో స్పష్టంగా వ్రాశారు. మూడవది, మనుష్యులందరిలో అత్యంత కఠినంగా పరీక్షింపబడేవారు ప్రవక్తలనీ, తరువాత వారికి దగ్గరివారనీ తిర్మిజీలోని హదీసు. బాధ పాపానికి కొలత అయితే ఈ హదీసుకు అర్థమే ఉండదు. ఆ ఆయతును మనిషి తన ఆపదలో తనకు తాను చెప్పుకోవచ్చు, అది ఆత్మపరిశీలన. ఎదుటివాని ఆపదలో అతనికి చెబితే అది అభియోగం. సత్యవచనమే మనిషి మారగానే అన్యాయం కాగలదన్నది యోబు మిత్రులు మనకు నేర్పే పాఠం.

కనుక యోబును అయ్యూబ్‌తో పోల్చి గెలుపోటములు ప్రకటించడంకన్న, ఆ కథలో మనం ఎవరి స్థానంలో కూర్చున్నామో చూసుకొనడం మేలు. మనం మనలను అయ్యూబ్ పక్కన చేర్చుకొంటాము. తరచుగా కూర్చొనేది ఎలీఫజు పక్కన.

దైవప్రవక్త (స) మార్గం వేరు. కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు ఆయన కన్నీరు కార్చారు; గుండె దుఃఖిస్తున్నదనీ, ప్రభువుకు సమ్మతం కాని మాట మాత్రం పలుకబోమనీ అన్నారు. ఆ దినాన సూర్యగ్రహణం పట్టగా, ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణం పట్టదని చెప్పి, తన దుఃఖానికి ఇతరులు కల్పించిన అర్థాన్ని కూడా త్రోసిపుచ్చారు. హిజ్రీ 8వ సంవత్సరంలో (629) మూతా యుద్ధంలో జఅఫర్ (రజి) వీరమరణం పొందిన వార్త వచ్చినప్పుడు, ఆ ఇంటివారికి తీరిక లేని కష్టం వచ్చిపడింది, వారి కోసం అన్నం వండండని తనవారికి ఆదేశించారు. దుఃఖంలో ఉన్న ఇంటికి ముందుగా చేరవలసినది ఏమిటో అందులోనే ఉన్నది. యోబు మిత్రులు ఏడు దినాలు నోరు మూసుకొని కూర్చున్నప్పుడు సరిగానే ఉన్నారు. ఎనిమిదవ దినాన వారు వాదం మొదలుపెట్టక పొయ్యి వెలిగించి ఉంటే, ఆ దైవాగ్రహం వారికి తప్పి ఉండేది.